లెక్కల సారు జవాబులు: నిచ్చెన చూస్తే ట్రెపీజియం అర్థమైపోతాది

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కోణాలవే ఎక్కువ, యూనిట్ టెస్టులు నడుస్తున్నట్టున్నాయి. ఒకాయనైతే రొయ్యల గుంట కట్ట గురించి అడిగాడు, అది చూసి నాకు భలే సంతోషమేసింది, అందుకే దానికి కొంచెం ఎక్కువ రాశా, పిల్లకాయల తల్లిదండ్రులు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి. ఏబీసీడీ అని ఒక ట్రెపీజియం, ఏబీ, డీసీ సమాంతరం. ఏ కోణం 2ఎక్స్ + 10, బీ కోణం ఎక్స్ + 20, డీ కోణం 3ఎక్స్ − 5 అని ఇచ్చి సీ కోణం ఎంత అన్నాడు. పాప 35 తెచ్చింది, వెనకాల జవాబుల్లో 125 ఉంది. నాలుగూ కలిపితే 360 వస్తోంది కదా, బుక్కే తప్పు అని నాతో ఒకటే గొడవ. నేను కూడా కూడి చూశా, నిజంగానే 360 వచ్చింది. ఎవరిది తప్పు సార్?
– ఒక అమ్మ, కోవూరు

జవాబు: అమ్మా, బుక్కు కరెక్టే. పాప ఎక్కడ పక్కకి పోయిందో ఈడ కూర్చునే చెప్తా చూడండి. ఏ కోణం, బీ కోణం పక్కపక్కన కింద లైను మీద కనిపించాయి కదా, ఆ రెండూ కలిపి 180 అని రాసేసుంటాది. అట్టా రాస్తే 3ఎక్స్ + 30 = 180, ఎక్స్ 50. అప్పుడు ఏ 110, బీ 70, డీ 145. ఈ మూడూ కూడి 360లోంచి తీసేస్తే మిగిలింది 35. అంతేనా?

ఇంక నాలుగూ కలిపితే 360 రాకేం చేస్తాది, నాలుగోది 360లోంచి తీసేసి తెచ్చిందే కదా. పర్సులో మిగిలిన చిల్లరని ఖర్చులో కలిపి, చూశావా మొత్తం సరిపోయింది అన్నట్టుగా ఉంటాది ఈ చెకింగు. పిల్లకాయలు మోసపోయేది ఇక్కడే, తప్పు జవాబుకి కూడా ఈ టెస్టు పాస్ మార్కులేస్తాది.

పాపని గోడకి ఆనించిన వెదురు నిచ్చెన దగ్గరికి తీసుకెళ్ళండి, కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడేది, సున్నాలేసేవాళ్ళ దగ్గర ఉంటాది చూడండి అట్టాంటిది. రెండు మెట్ల మధ్య ఉండే ఖాళీ ట్రెపీజియమే. కింద మెట్టు ఏబీ, పై మెట్టు డీసీ, ఎడమ బొంగు ఏడీ, కుడి బొంగు బీసీ. మెట్లు సమాంతరం, బొంగులు కాదు. ఇప్పుడు ఎడమ బొంగు మీద చెయ్యి పెట్టమనండి. కింద మెట్టుకి బొంగుకి మధ్య, మెట్టుకి పైపక్క ఉండే కోణం 80 డిగ్రీలు అనుకుందాం. అదే బొంగు మీద చేతిని పై మెట్టు దాకా జరిపితే ఆ మెట్టుకి పైపక్క కూడా 80 డిగ్రీలే ఉంటాది, ఎందుకంటే మెట్లు రెండూ ఒకే వాటంలో ఉన్నాయి, బొంగు ఒకటే. అయితే మన ఖాళీలోకి వచ్చేది పై మెట్టుకి పైన ఉండే కోణం కాదు, కింద ఉండేది. బొంగు వంకర లేని తిన్నని గీత కాబట్టి పైదీ కిందదీ కలిస్తే 180, అంటే కిందది 100. ఏ 80, డీ 100, కలిపితే 180. 180 వచ్చేది ఒకే బొంగు మీద ఉండే రెండు కోణాలకి, ఒకే మెట్టు మీద ఉండేవాటికి కాదు. స్కూల్లో తిర్యగ్రేఖకి ఒకే వైపున్న అంతర కోణాలు సంపూరకాలు అని బట్టీ పట్టించేది దీన్నే.

సరే, లెక్కలోకొస్తే ఏ, డీ కలిపి 180. 5ఎక్స్ + 5 = 180, ఎక్స్ 35. ఏ 80, డీ 100, బీ 55. బీ, సీ ఇంకో బొంగు మీదవి కాబట్టి సీ 125. బుక్కులో ఉండేదే.

మరి కింద మెట్టు మీద ఉండే ఏ, బీ కలిపితే ఎంత? 135. 180కి 45 తక్కువ. ఆ 45 యాడికి పోయింది అనుకుంటే, బొంగులు రెండూ పైకి పొడిగిస్తే ఒక చోట కలుస్తాయి కదా, ఆ కొసన ఉండేదే ఆ 45. ట్రెపీజియం అంటే తల తెగిన త్రిభుజం అంతే, కింద రెండు కోణాలు, తెగిపోయిన తల కోణం మూడూ కలిస్తే త్రిభుజానికి రావాల్సిన 180 వచ్చేస్తాది. (కొసన 45 డిగ్రీలు వచ్చేంత వెడల్పు నిచ్చెన ఎవరూ చెయ్యరులెండి, లెక్క కోసం అనుకోండి.)

ఇంకో సంగతి, పాపకి ఇది చెప్తే కొంచెం ఊరట. పాప తెచ్చిన 110, 70, 35, 145 ఉన్నాయే, వాటితో కూడా ట్రెపీజియం వస్తాది. కాకపోతే అందులో సమాంతరంగా ఉండేవి ఏబీ, డీసీ కాదు, ఏడీ, బీసీ. అంటే పాప లెక్క బాగానే చేసింది, నిచ్చెనని పక్కకి పడుకోబెట్టి చేసింది. ఇకమీద చెకింగ్ 360తో వద్దు, ఏ ప్లస్ డీ ఎంత, బీ ప్లస్ సీ ఎంత అని రెండు బొంగులూ విడివిడిగా చూడమనండి, తప్పుంటే అక్కడ దొరికిపోతాది.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. పీక్యూఆర్ త్రిభుజంలో పీక్యూ, పీఆర్ సమానం. క్యూఆర్‌ని ఎస్ దాకా పొడిగించారు, పీఆర్ఎస్ కోణం 122. పీ కోణం ఎంత అంటే నేను 61 అన్నాను. బొమ్మ మీద కోణమానిని పెట్టి కొలిచినా 61 దగ్గరే వచ్చింది. సారు మాత్రం 64 అని కొట్టేశారు.
– ఒక విద్యార్థి, మార్కాపురం

జవాబు: అబ్బాయ్, మీ సారు కొట్టేసింది న్యాయమే. బాహ్య కోణం 122 అంటే ఎదురుగా ఉండే రెండు అంతర కోణాల మొత్తం, అంతవరకు నువ్వు కరెక్టు. రెండూ సమానం కదా అని సగం చేసి 61 రాశావు చూడు, ఆడ జారావు. ఎదురుగా ఉండే రెండు కోణాలు పీ, క్యూ. సమద్విబాహు త్రిభుజంలో సమానంగా ఉండే కోణాలు సమాన భుజాలకి ఎదురుగా ఉండేవి. పీఆర్‌కి ఎదురు క్యూ, పీక్యూకి ఎదురు ఆర్. కాబట్టి సమానం క్యూ, ఆర్, పీ కాదు. ఆర్ దగ్గర 180లోంచి 122 పోతే 58, క్యూ కూడా 58, రెండూ పోగా పీ 64. పీ ప్లస్ క్యూ 122 వస్తోందా లేదా చూసుకో, వస్తోంది.

ఈ సమద్విబాహు త్రిభుజం సూత్రం యూక్లిడ్ మొదటి పుస్తకంలో అయిదోది. దాన్ని యూరప్‌లో పూర్వం గాడిదల వంతెన అనేవాళ్ళు, ఇక్కడ ఆగిపోయినోడు ముందుకి పోలేడని. నిన్ను అన్నట్టు కాదులే.

ఇంక కోణమానినితో కొలవడం అంటావా, అచ్చేసిన బొమ్మ స్కేలు ప్రకారం ఉండాలని రూలేం లేదు, చాలాసార్లు కావాలనే వంకరగా గీస్తారు. మీ ఊరు పలకలకి పేరుపడ్డ ఊరు కదా, ఇంట్లో ఒకటన్నా ఉంటాది, దాని మీద ఈ త్రిభుజాన్ని నువ్వే గీసి చూడు, సమాన భుజాలు చూడగానే తెలిసిపోయేంత పొడుగు పొట్టి తేడాగా, వీలైనంత అధ్వాన్నంగా గీయి. ఇచ్చిన అంకెలు దాని మీదే రాసుకుని లెక్క చెయ్యి, 64 వస్తాది. బొమ్మ చూసి ఊహించే అలవాటు పోవాలంటే నేను ట్యూషన్లో చేయించే పని ఇదే, పిల్లకాయలు మొదట నవ్వుతారు, తర్వాత మానుకుంటారు.

ప్రశ్న: పాలిసెట్‌కి ప్రిపేర్ అవుతున్నా సార్. ఏబీసీడీ ట్రెపీజియం, ఏబీ, డీసీ సమాంతరం, ఏడీ = డీసీ = సీబీ, ఇంకా కర్ణం ఏసీ = ఏబీ. కోణాలన్నీ కనుక్కోమన్నాడు. ఒక్క కోణం కూడా ఇవ్వలేదు, అంకెలే లేకుండా ఎట్టా చేసేది? లెక్క సగంలో మింగేశారేమో అని డౌటు.
– పొదిలి నుంచి ఒకబ్బాయి

జవాబు: ఏమీ మింగలేదు నాయనా, ఇది చాలా అందమైన లెక్క, నువ్వు పంపించినందుకు థ్యాంక్స్. పేపర్ తీసుకో, ఏబీ కింద పెద్దది, డీసీ పైన చిన్నది, ఏ నుంచి సీకి కర్ణం గీయి. అంకె లేకపోతే మనమే పేరు పెట్టుకుందాం.

ఏడీసీ త్రిభుజం చూడు. ఏడీ, డీసీ సమానం, కాబట్టి డీఏసీ కోణం, డీసీఏ కోణం సమానం. రెండిటికీ వై అని పెట్టు. ఇప్పుడు ఏబీ, డీసీ సమాంతరం కదా, ఏసీ ఆ రెండిటినీ కోస్తా పోతోంది, ఇంగ్లీషు జెడ్ అక్షరం లాగా కనపడుతుంది చూడు, ఏకాంతర కోణాలు. అందుకని సీఏబీ కోణం కూడా వై. అంటే ఏ దగ్గర మొత్తం 2వై. పక్క భుజాలు ఏడీ, సీబీ సమానం కాబట్టి ఇది సమద్విబాహు ట్రెపీజియం, బీ కోణం కూడా 2వై.

ఆగు, ఇంకా ఏసీ = ఏబీ అన్న మాట వాడలేదు. ఏబీసీ త్రిభుజంలో ఆ రెండు భుజాలూ సమానం, కాబట్టి వాటికి ఎదురుగా ఉండే కోణాలు బీ, ఏసీబీ సమానం, ఏసీబీ కూడా 2వై. ఆ త్రిభుజంలో మూడూ కూడు: వై, 2వై, 2వై, మొత్తం 5వై = 180. వై 36. ఏ 72, బీ 72. సీ దగ్గర వై, 2వై కలిపితే 108. డీ కోణం ఏడీసీ త్రిభుజంలో 180లోంచి రెండు వైలు పోతే 108.

ఇప్పుడు కోవూరు పాపకి చెప్పిన చెకింగు చెయ్యి, బీ 72, సీ 108, 180 వచ్చింది. ఇది అసలైన చెకింగు, ఎందుకంటే సీని మనం 180లోంచి తీసి తేలేదు, వేరే దారిలో వచ్చి ఇక్కడ కలిసింది.

108 ఎక్కడో చూసినట్టు లేదా? క్రమ పంచభుజి కోణం 108. అయిదు భుజాలూ సమానంగా ఉండే పంచభుజిలో ఒక కర్ణం గీసి కోస్తే కింద పడే ట్రెపీజియమే మీ లెక్క, మూడు భుజాలు పంచభుజివి, ఏబీ దాని కర్ణం. అమ్మ కూరకి బెండకాయ చక్రాలుగా తరిగేటప్పుడు ఒకటి తీసుకుని చూడు, మామూలుగా అయిదు మూలలుంటాయి, ఒక మూల వదిలేసి అటుదాన్నీ ఇటుదాన్నీ కలుపుతూ కత్తి పెట్టావంటే కింద మిగిలింది ఈ బొమ్మే. ఏబీ, డీసీకి దాదాపు 1.618 రెట్లు ఉంటాది.

ఇదే లెక్కలో ఏసీ = ఏబీ తీసేసి ఏసీబీ కోణం 90 అని ఇస్తే ఏమవుతాదో నువ్వే చెయ్యి. వై, 2వై, 90, మొత్తం 180. వై 30, కోణాలు 60, 120. అది షడ్భుజిలో సగం. ఎగ్జామినర్లకి ఈ రెండూ భలే ఇష్టం, ఒక ఏడు అది, ఒక ఏడు ఇది తిప్పి ఇస్తుంటారని నా అనుమానం.

ప్రశ్న: అయ్యా, నేను చదువుకున్నది తక్కువ. రొయ్యల గుంట కొత్తగా తవ్విస్తుండా. కట్టకి బయట పక్క ఒకటికి ఒకటిన్నర, లోపల పక్క ఒకటికి రెండు వాలు పెట్టమని తెలిసినాయన చెప్పాడు. జేసీబీ డ్రైవరేమో అదంతా ఎందుకన్నా, 45 డిగ్రీలు కొట్టేస్తా, అదీ ఇదీ ఒకటే అంటాడు. ఒకటేనా? మా వాడు టెన్త్, కట్టని అడ్డంగా కోస్తే ట్రెపీజియం వస్తాది నాన్నా, దాని కోణాలు కూడా కనుక్కో అని ఎగతాళి చేస్తుండాడు.
– అల్లూరు పక్క నుంచి ఒక రైతు

జవాబు: అన్నా, ఒకటి కానే కాదు. వాలు ఒకటికి ఒకటిన్నర అంటే నిలువునా ఒక మీటరు దిగే లోపల అడ్డంగా మీటరున్నర పోవాలి. 45 డిగ్రీలంటే ఒకటికి ఒకటి, ఒక మీటరు దిగితే ఒక మీటరే పోతాది, ఇంకా నిటారు. ఒకటికి ఒకటిన్నర అంటే నేలతో సుమారు 33.7 డిగ్రీలు, ఒకటికి రెండు అంటే 26.6. చాలామంది ఒకటికి ఒకటి 45 కదా, ఒకటికి రెండంటే దాంట్లో సగం 22న్నర అనుకుంటారు, అది తప్పు, కోణం అట్టా సగాలు కాదు. మీ వాడు టెన్త్ కదా, ట్యాన్ అంటే ఏందిరా అని అడుగు, ఎగతాళి ఆపి వాడే చెప్తాడు.

తేడా ఎంతో మట్టిలో చూపిస్తా. కట్ట ఎత్తు 2 మీటర్లు, పైన నడిచే వెడల్పు 2 మీటర్లు అనుకో. నీకు చెప్పిన వాలుతో అయితే కింద వెడల్పు పైన 2, బయట పక్క 3, లోపల పక్క 4, మొత్తం 9 మీటర్లు. డ్రైవరు చెప్పినట్టు రెండు పక్కలా 45 అయితే 2, 2, 2, ఆరే మీటర్లు. ట్రెపీజియం వైశాల్యం మీ వాడికి తెలుసు, పైదీ కిందదీ కూడి సగం చేసి ఎత్తుతో గుణించడమే. మొదటిదానికి కట్ట పొడవు మీటరుకి 11 ఘనపు మీటర్ల మట్టి, రెండోదానికి 8. ప్రతి మీటరుకీ 3 ఘనపు మీటర్లు తక్కువ తోలితే ఆయనకి పని తొందరగా అయిపోతాది, తుపాను వానకి కట్ట జారితే మాత్రం గుంట నీది. అందులోనూ ఇసుక కలిసిన నేలైతే నిటారుగా అస్సలు నిలబడదు, లోపల పక్క నీళ్ళ అలలు తింటా ఉంటాయి కాబట్టే ఆ పక్క వాలు ఇంకా పడుకోబెట్టమన్నది.

ఇంక డ్రైవరు చెప్పింది చేశాడా లేదా చూసుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు. మీటరున్నర పొడుగు కర్ర ఒకటి, రసమట్టం, తాపీ మేస్త్రీ దగ్గరుండే గుండు దారం చాలు. కట్ట పై అంచున కర్ర ఒక కొస ఆనించి, వాలు మీదకి గాల్లోకి చాపి, రసమట్టం పెట్టి సరిగ్గా అడ్డంగా పట్టుకోమను. రెండో కొస నుంచి గుండు వదులు. గుండు మట్టికి తగిలేసరికి దారం మీటరు దిగుంటే ఒకటికి ఒకటిన్నర కరెక్టుగా ఉన్నట్టు. మీటరున్నర దిగితే ఆయన 45 కొట్టేశాడన్నమాట. లోపల పక్కకి రెండు మీటర్ల కర్ర తీసుకో, దారం మాత్రం అదే మీటరు. జేసీబీ ఈడ ఉండగానే నాలుగైదు చోట్ల పెట్టి చూడు, పోయినాక చూసి లాభం లేదు.

మీ అబ్బాయికి జవాబు: కింద రెండు కోణాలు 33.7, 26.6. పైన రెండూ 360లోంచి తీసి తెద్దామంటే కుదరదు, రెండు తెలియనివి ఉన్నాయి, ఒకటే సమీకరణం. ఏ వాలుకి ఆ వాలు విడిగా చూడాలి. బయట వాలు మీద 180లోంచి 33.7 పోతే పై మూల 146.3, లోపల వాలు మీద 153.4. రెండు వాలులూ ఆకాశంలోకి పొడిగిస్తే కలిసే కొసన 119.7 డిగ్రీలు. కట్ట కూడా తల తెగిన త్రిభుజమే రా అబ్బాయ్, తెగిన చోట మీ నాయన నడుస్తాడు.

ప్రశ్న: మా తమ్ముడి కూతురు అమెరికాలో ఆరో క్లాసు, వీడియో కాల్లో ట్రెపెజాయిడ్ అంటుంది, మా వాడు ట్రెపీజియం అంటాడు. రెండూ ఒకటేనా వేరా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: బొమ్మ ఒకటే, పేరు వేరు. బ్రిటిష్ వాడి దగ్గర నేర్చుకున్నాం కాబట్టి మనం ట్రెపీజియం అంటాం. 1795లో చార్లెస్ హట్టన్ అనే ఇంగ్లీషు గణితవేత్త తన గణిత నిఘంటువులో ఈ రెండు పేర్లనీ తారుమారు చేసి రాశాడు, ఇంగ్లండు వాళ్ళు తర్వాత సర్దుకున్నారు, అమెరికా వాళ్ళు మాత్రం అట్టాగే ఉండిపోయారు. అమెరికాలో ట్రెపీజియం అంటే ఒక్క జత కూడా సమాంతరంగా లేని చతుర్భుజం, కాబట్టి పాప అక్కడి పరీక్షలో మన పేరు రాయకుండా చూసుకోండి. సమలంబ చతుర్భుజం అని రాస్తే ఏ గొడవా లేదు, వాళ్ళకి అర్థం కాదు అంతే.

ప్రశ్న: ట్రెపీజియంలో ఒక్కటే లంబకోణం ఉండచ్చా? మూడు అల్పకోణాలు ఉండచ్చా? ఫ్రెండ్సుతో పందెం.
– ఇద్దరు స్నేహితులు, కనిగిరి

జవాబు: రెండూ కుదరవు. ఒక మూల 90 అయితే అదే బొంగు మీద ఉండే రెండో మూల కూడా 90 అవ్వాల్సిందే, లంబకోణాలు వస్తే జతగానే వస్తాయి. అల్పకోణాలు బొంగుకి ఒకటికి మించి ఉండలేవు, రెండూ 90కి తక్కువైతే 180 యాడ నుంచి తెస్తారు, బొంగులు రెండే కాబట్టి ఎక్కువలో ఎక్కువ రెండు. ఉండచ్చని పందెం కాసినోడు డబ్బులు కట్టాలి.